ఇంటర్వెల్ అంటే సమోసా టైమే

2023 డిసెంబర్లో ఒక రాత్రి పదకొండున్నరకి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి దాటి, సైకిల్ని ఒక రాయికి ఆనించి రోడ్డు పక్కన కూలబడ్డాను. హైదరాబాద్ శివార్లలో పొద్దున ఆరింటికి మొదలై, కర్నూలు వెళ్ళి తిరిగి రావాల్సిన 400 కిలోమీటర్ల బ్రెవే అది. (బ్రెవే అంటే రేసు కాదు. ఫలానా దూరం ఫలానా గంటల్లో పూర్తి చేస్తే చాలు. ఫస్టు, సెకండు ఏమీ ఉండవు.) 400కి 27 గంటలు ఇస్తారు. అప్పటికి 260 అయ్యాయి, ఇంకా తొమ్మిదిన్నర గంటలు చేతిలో ఉన్నాయి. లెక్క ప్రకారం హాయిగా అయిపోవాలి. కానీ మంచినీళ్ళు తాగినా కడుపులో నిలవట్లేదు, పెడల్ మీద కాలు పెడితే కాలు నాది కానట్టుంది.

ఇంటికి ఫోన్ చేశాను. మా నాయిన పక్కింటాయన ట్రాలీ ఆటో మాట్లాడుకుని వనపర్తి నుంచి వచ్చాడు. సైకిల్ని వెనక పడుకోబెట్టి తాడు కడుతూ ఒక్కటే మాటన్నాడు. "ఏంరా, పొద్దుగాల్నే అంత తొక్కేస్తే రాత్రికేం మిగుల్తది?"

ఆయనకి నా గ్రాఫ్ సంగతి తెలియదు. ఇంటికొచ్చాక వాచీలో చూసుకుంటే గ్రాఫ్ కూడా సరిగ్గా అదే మాట చెప్పింది. మొదటి వంద కిలోమీటర్లు 3 గంటల 40 నిమిషాలు, సగటు పల్స్ 154. రెండో వంద ఆరున్నర గంటలు. తర్వాతి అరవైకి, కర్నూల్లో బల్ల మీద పడుకున్న గంటన్నరతో కలిపి, ఏడు గంటల పైనే.

నిజానికి తప్పు ఆ రోజుది కాదు, అంతకు ముందు కొన్ని నెలలది. ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు కదా, అప్పట్నుంచి వారానికి అయిదు రోజులు అక్కడే. రోజూ గంట. రోజూ ఒకటే తొక్కుడు. చావగొట్టేంత గట్టిగానూ కాదు, మాట్లాడుకుంటూ పోయేంత తేలిగ్గానూ కాదు.. ఎప్పుడూ కాస్త ఆయాసంగా, "బాగా చేశాం" అనిపించేలాగా. ఏ రోజైనా సగటు స్పీడు తగ్గితే ఆ రైడ్‌కి 'రికవరీ' అని పేరు పెట్టుకునేవాణ్ణి, ఎవరైనా చూస్తారేమోనని :-). నవంబరుకల్లా పొద్దున లేవగానే చూసుకునే పల్స్ 54 నుంచి 63కి పెరిగింది, రాత్రి మూడింటికి మెలకువ, పిల్లల మీద అకారణంగా అరుపులు. డాక్టరుకి చూపిస్తే పరీక్షలన్నీ నార్మల్. నేను ఇంకాస్త గట్టిగా తొక్కడం మొదలుపెట్టాను. మనకి తెలిసిన మందు అదొక్కటే కదా! ప్రాజెక్టు లేటైతే ఇంకో ఇద్దర్ని వెయ్యి, వీకెండు కూడా రమ్మను.

ఆ తర్వాత మూడు నెలలు సైకిల్ తొక్కలేదు. ఆ ఖాళీలో, అసలు "ఎంత తేలిగ్గా, ఎంత గట్టిగా" అన్న లెక్క ఎవరు మొదలుపెట్టారో, ఎక్కడెక్కడ తప్పారో తవ్వుకుంటూ కూర్చున్నాను. ఈ టపా ఆ తవ్వకమే.

ముందు మా నాయిన సంగతి. ఆయన 1974లో టీచరు ఉద్యోగంలో చేరాడు. వనపర్తి నుంచి గోపాలపేట వైపు పన్నెండు కిలోమీటర్లు పోవాలి బడికి. (గోపాలపేట కూడా ఒకప్పుడు సంస్థానమే, గద్వాల, వనపర్తి ముందు పేరు వినపడదు గానీ.) ఒక అట్లాస్ సైకిలు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, వెనక క్యారియర్ మీద ఒక్కోసారి బడి సామాను, ఒక్కోసారి బియ్యం సంచి, ఒక్కోసారి నేను. ఇంటి నుంచి గంట ముందు బయల్దేరేవాడు, అంటే గంటకి పన్నెండు కిలోమీటర్లు. ఏడాదికి 220 పనిరోజులు వేసుకున్నా, పోనూ రానూ 24 చొప్పున 5,280 కిలోమీటర్లు. టీవీఎస్ ఫిఫ్టీ కొనేదాకా పదిహేనేళ్ళు, అంటే 79 వేల పైచిలుకు. నా వాచీలో ఇప్పటిదాకా ఉన్న మొత్తం ఇందులో అయిదో వంతు కూడా లేదు.

ఆయన ఎప్పుడూ మెల్లగానే తొక్కేవాడా అంటే, కాదు. వారానికి ఒకసారో రెండుసార్లో ఇంట్లో లేటయ్యేది. ప్రేయర్ బెల్లు అందుకోవాలని చివరి మూడు నాలుగు కిలోమీటర్లు నిలబడి తొక్కేవాడట. ఎండాకాలం ఎదురుగాలి రోజులు సరేసరి. అంతే, మిగతాదంతా తీరిగ్గా. మా నాయినకేదో క్రీడాశాస్త్రం తెలుసని నేననట్లేదు. రేపూ తొక్కాలి కాబట్టి ఇవాళ మిగుల్చుకునేవాడు, అంతకు మించి ఏం లేదు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని డ్యాములకి మట్టి మోశారో అందరికీ తెలుసు. రోజంతా తట్ట మోయాల్సిన మనిషి తట్టతో ఉరకడు. ఉరికేది మేస్త్రీ చూసినప్పుడే :-)

సరే, చరిత్రకొద్దాం.

గట్టి శిక్షణ అనగానే అందరూ చెప్పే మాట 'ఇంటర్వెల్'. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే కోచ్, హెర్బర్ట్ రైండెల్ అనే గుండె డాక్టరు కలిసి దీనికొక పద్ధతి ఏర్పరిచారు. ఆటగాడు కొద్ది దూరం వేగంగా పరిగెత్తి పల్స్‌ని 180 దాకా తీసుకెళ్ళాలి. ఆగాలి. తొంభై సెకన్లలోపు అది 120 దగ్గరికి దిగాలి. దిగితే మళ్ళీ పరుగు. దిగకపోతే? పరుగు మరీ కష్టమైందన్న మాట, ఆ రోజుకి చాలు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939 జులైలో మిలాన్‌లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా ఎవరూ ముట్టుకోలేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వాళ్ళ దృష్టిలో గుండె బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, ఆగినప్పుడు. వేగం తగ్గిన ఆ నిమిషంన్నరలో గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుందనీ, శిక్షణంతా ఆ విరామంలోనే ఉందనీ వాళ్ళ వివరణ. (తర్వాతి శాస్త్రం దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.) పేరు కూడా అందుకే వచ్చింది. ఇంటర్వెల్ అంటే ఖాళీ! మనం సినిమా హాల్లో ఆ మాటని సరిగ్గానే వాడుతున్నాం, సమోసాలు తినే టైము. జిమ్ముకెళ్ళేసరికి మాత్రం "ఇంటర్వెల్స్ చేస్తున్నా" అంటే ప్రాణం పోయేలా తొక్కుతున్నా అని అర్థమైపోయింది. మాట ఉండిపోయింది, అర్థం తలకిందులైంది. మన ఆఫీసుల్లో 'స్ప్రింట్' అన్న మాట గతి కూడా ఇదే. రెండు వారాల స్ప్రింట్ అయిపోగానే సోమవారం ఇంకో స్ప్రింట్. లోకంలో ఏ పరుగువీరుడూ ఏడాదికి ఇరవై ఆరు స్ప్రింట్లు గ్యాప్ లేకుండా చెయ్యడు.

ఈ తలకిందులవడానికి ఎమిల్ జాటోపెక్ కూడా కొంత కారణం అనుకుంటాను. ఆ చెక్ సైనికాధికారి 400 మీటర్లని నలభైసార్లు, అరవైసార్లు, కొన్ని రోజులు వందసార్లు పరిగెత్తేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000, 10000, మారథాన్ మూడూ గెలిచాడు. చూసినవాళ్ళకి ఆ మొహంలో కష్టం కనిపించింది, అదే గుర్తుంది. వందసార్లు చెయ్యాలంటే అందులో ఎన్ని ఒక మోస్తరు వేగంతో చేసుంటాడో ఎవరూ ఆలోచించలేదు.

దీనికి ఎదురుతిరిగినవాడు న్యూజీలాండ్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ పనివాడు, ఆర్థర్ లిడియార్డ్. చదువుకున్న కోచ్ కాదు. తన ఒంటి మీదే ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసుకుని, ముందు కొన్ని నెలలు వారానికి వంద మైళ్ళు మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తాలి, ఆ తర్వాతే గుట్టలెక్కడం, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం అని తేల్చాడు. 800 మీటర్ల పరుగువాణ్ణి ప్రతి ఆదివారం 35 కిలోమీటర్ల కొండదారిలో పంపిస్తే జనం నవ్వరా? 1960 సెప్టెంబర్ 2న రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్లు గెలిచాడు. అదే రోజు ఇంకో శిష్యుడు, రగ్బీలో దెబ్బతిని ఎడమచెయ్యి చచ్చుబడిన మరే హాల్‌బర్గ్, 5000 గెలిచాడు. ఆ ఒలింపిక్స్‌లోనే మూడో శిష్యుడు బ్యారీ మగీకి మారథాన్‌లో కాంస్యం. నవ్వడం ఆగింది.

ఇంతవరకూ అంతా వేళ్ళతో మణికట్టు పట్టుకుని పల్స్ లెక్కపెట్టిన కాలం. తర్వాత పరికరాలొచ్చాయి. 1957లో ఫిన్లాండ్‌లో కార్వొనెన్ బృందం కొద్దిమంది వైద్యవిద్యార్థుల్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి, పల్స్ ఎంత పెంచితే దమ్ము పెరుగుతుందో చూసింది. 1971 ప్రాంతంలో '220 నుంచి వయసు తీసెయ్' అన్న సూత్రం పుట్టింది. అది పకడ్బందీ ప్రయోగం నుంచి వచ్చింది కాదు, అందుబాటులో ఉన్న లెక్కల మీద కంటితో గీసిన గీత. 2001లో తనాకా బృందం దాన్ని 208 మైనస్ వయసులో 0.7 వంతుగా సవరించింది. నలభై ఏళ్ళవాడికి రెండూ 180 అనే చెప్తాయి. కానీ 72 ఏళ్ళ మా నాయినకి పాతది 148 అంటే కొత్తది దాదాపు 158 అంటుంది. 1982లో ఫిన్లాండ్ కంపెనీ పోలార్, ఛాతీకి పట్టీ, చేతికి వాచీ, మధ్యలో వైరు లేని పల్స్ మీటరు అమ్మకానికి తెచ్చింది. 1986లో జర్మన్ ఇంజనీర్ ఉల్రిచ్ షోబరర్ సైకిల్ క్రాంకులో శక్తిని కొలిచే ఎస్సారెమ్ మీటర్ పెట్టాడు. ఇప్పుడది మధ్యతరగతి ఐటీవాడు కూడా ఈఎమ్ఐలో కొనుక్కునే వస్తువు. నేను కొన్నాను.

పరికరంతో చిక్కేమిటంటే, అంకె కనిపిస్తే పెంచాలనిపిస్తుంది. మనందరికీ తెలిసిన జబ్బే, కోడ్ కవరేజ్ అంకెలాగా.

2001లో కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక చిన్న పని చేశాడు. కోచ్ ఎంత కష్టంగా ఉండాలనుకున్నాడో, ఆటగాడు ఎంత కష్టంగా చేశాడో రెండూ అడిగి రాసుకున్నాడు. తేలిక రోజు అని కోచ్ అనుకున్న రోజున ఆటగాళ్ళు ఎక్కువ కష్టపడ్డారు. గట్టి రోజు అనుకున్న రోజున తక్కువ కష్టపడ్డారు. అంటే రెండు కొసలూ కరిగి మధ్యలో చేరాయి. చదివినప్పుడు నా ట్రాక్ గ్రాఫులు ఎవరో ఇరవై ఏళ్ళ ముందే గీసిపెట్టారనిపించింది.

అదే కాలంలో టెక్సస్ నుంచి నార్వేకి కాపురం మారిన స్టీఫెన్ సైలర్ ఒక దృశ్యం చూశానని చెప్తుంటాడు. పేరున్న ఒక స్కీయింగ్ క్రీడాకారిణి అడవిలో పరిగెత్తుతూ వచ్చి, గుట్ట మొదట్లో ఆగి, నడుచుకుంటూ ఎక్కిందట. పైకెళ్ళాక మళ్ళీ పరుగు. అమెరికాలో అయితే గుట్ట కనిపిస్తే రెచ్చిపోవడమే మర్యాద. ఈమెకి ఆ రోజు పల్స్ పెరగకూడదు, అంతే. అక్కణ్ణుంచి సైలర్ డైరీలు, పల్స్ రికార్డులు కూడబెట్టాడు. 2006లో కేర్లాన్ అనే సహచరుడితో కలిసి నార్వే కుర్ర స్కీయర్ల మీద రాసిన పరిశోధనలో, నాలుగింట మూడు వంతుల సెషన్లు తేలిగ్గా, కొద్ది భాగం చాలా గట్టిగా ఉన్నాయి, మధ్యది అన్నిటికన్నా తక్కువ. 80-20 అన్న మాట ప్రచారంలోకి వచ్చింది ఇలాంటి లెక్కల నుంచే. అన్నట్టు చాలామంది పొరబడేది ఇక్కడే, ఆ 80 శాతం సెషన్ల లెక్క, నిమిషాల లెక్క కాదు. గట్టి సెషన్లో కూడా వార్మప్పు, విరామాలు ఉంటాయి కాబట్టి నిమిషాల్లో చూస్తే తేలిక వాటా తొంభై దగ్గరికి పోతుంది.

సైలర్ బృందం 2007లో ఇంకోటి చూసింది. మాట్లాడగలిగే వేగంలో గంటో రెండు గంటలో పరిగెత్తినా, ఆపిన కొద్ది నిమిషాల్లోనే నాడీమండలం మామూలుకొచ్చేసింది. ఆ గీత దాటితే మాత్రం కోలుకోవడానికి బాగా ఆలస్యం. గీత కొంచెం దాటినా, చాలా దాటినా ఆలస్యం ఇంచుమించు ఒకటే! అంటే నేను రోజూ చేసిన "కాస్త ఆయాసం" రైడుకి బిల్లు గట్టి రైడుదే, సరుకు మాత్రం సగం.

మరి సైకిల్ వాళ్ళ సంగతి? స్పెయిన్‌లో లూసియా బృందం టూర్ ద ఫ్రాన్స్ రైడర్ల పల్స్ రికార్డు చేసి 1999లో అచ్చువేసింది. లోకంలో అత్యంత కఠినమైన ఆ రేసులో కూడా దాదాపు 70 శాతం సమయం తేలిక భాగంలోనే గడిచింది, బాగా గట్టిది 7 శాతం. గుంపులో ఒకడి వెనక ఒకడు గాలి తప్పించుకుంటూ పోతారు కదా. నా ఔటర్ ట్రాక్ గంటలో తేలిక భాగం 10 శాతం కూడా లేదు. నేను టూర్ ద ఫ్రాన్స్ వాళ్ళకన్నా సీరియస్ అన్న మాట :-)

బ్రెవేల చరిత్రలో కూడా ఇదే ఉంది, నేనే చూసుకోలేదు. 1891లో మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్ గెలిచిన షార్ల్ టెరాన్ 1200 కిలోమీటర్లని 71 గంటల 22 నిమిషాల్లో, నిద్ర లేకుండా తొక్కాడు. ఆయన వృత్తి రేసర్. మామూలు జనానికి బ్రెవేలు వేరే దారిలో వచ్చాయి. 1921 నుంచి ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ఎవరి వేగంలో వాళ్ళు తొక్కే బ్రెవేలు పెట్టింది. కనీస వేగం గంటకి 15కి అటూ ఇటూ. ఇప్పుడు మనదేశంలో జరిగేవీ ఆ క్లబ్ నియమాలతోనే. కంట్రోల్ పాయింటుకి ఆలస్యంగా వస్తేనే కాదు, మరీ తొందరగా వచ్చినా అది తెరిచి ఉండదు. నియమాలు రాసినవాళ్ళు నాలాంటి వాణ్ణి ముందే ఊహించినట్టున్నారు. 400 ని 27తో భాగిస్తే 14.8. మా నాయిన బడి స్పీడు కన్నా మూడు కిలోమీటర్లు ఎక్కువ, అంతే!

ఇదంతా చదివి "అయితే మెల్లగా తొక్కితే చాలు" అనుకుంటే అదీ తప్పే. వారానికి పదిహేను, ఇరవై గంటలు తొక్కేవాళ్ళ లెక్క అయిదారు గంటలు దొరికే మనకి వర్తిస్తుందా అన్నది అసలైన ప్రశ్న. 2013లో నీల్ బృందం, వారానికి ఆరేడు గంటలు తొక్కే పన్నెండు మంది సైక్లిస్టుల్ని ఆరు వారాలు తేలిక-గట్టి పద్ధతిలో, ఇంకో ఆరు వారాలు మధ్యరకం పద్ధతిలో పెట్టి చూస్తే మొదటిదే ఎక్కువ మేలు చేసింది. పన్నెండు మందే, ఆరు వారాలే, గుర్తుపెట్టుకోవాలి. 2022లో ఒక పెద్ద జర్నల్లో రెండు వర్గాలు ఎదురెదురుగా రాసుకున్నాయి, ఇదే ఉత్తమం అని ఫాస్టర్, సైలర్ల వర్గం, కాదు అని బర్న్లీ, జోన్స్ వర్గం. చాలామంది మేటి ఆటగాళ్ళ డైరీల్లో మధ్యరకం కూడా గట్టిదానికన్నా ఎక్కువే ఉంటుందనీ, 80-20ని శాసనంగా చెప్పడానికి లేదనీ రెండోవాళ్ళ వాదన. నార్వేలోనే ఇప్పుడు మధ్యరకాన్ని రక్తంలో లాక్టేట్ కొలుచుకుంటూ రోజుకి రెండుసార్లు చేసే పరుగువీరులున్నారు. నాకు తోచిందేమంటే, ఇరువర్గాలూ ఒప్పుకునేది ఒకటే ఉంది, తేలికది ఎక్కువ ఉండాలి, అది నిజంగా తేలిగ్గా ఉండాలి. మిగతా అయిదో వంతు గురించి ప్రొఫెసర్లు కొట్టుకోనీ.

ఆ మొదటి సగమే నాకు కష్టమైంది. 2024 మార్చి నుంచి వారానికి నాలుగు రైడ్లు, అందులో మూడు పల్స్ 130 దాటకుండా. నాలుగోది గుట్ట మీద నాలుగు నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు ఖాళీగా, నాలుగుసార్లు. గట్టి రోజు సులువే. తేలిక రోజున టీషర్టు మీద కంపెనీ పేరున్న కుర్రాళ్ళు "అంకుల్, లెఫ్ట్ లెఫ్ట్" అంటూ దాటిపోతుంటే చూస్తూ ఉండటమే గగనం. రెండు నెలలకి పొద్దుటి పల్స్ 55కి దిగింది. రాత్రి నిద్ర అంతకన్నా ముందే వచ్చింది.

ఇప్పుడు ఊరికెళ్ళినప్పుడల్లా ఒక రూటు పెట్టుకున్నాను. నాగర్‌కర్నూల్ నుంచి గోపాలపేట మీదుగా వనపర్తి, ఇంట్లో భోజనం, సాయంత్రం ఆత్మకూరు మీదుగా జూరాల డ్యామ్ రోడ్డు దాటి గద్వాల. మొత్తం తొంభైకి అటూ ఇటూ. మొదటిసారి వెళ్ళినప్పుడు గోపాలపేట దాటాక మా నాయిన చెప్పిన బడి కూడా చూశాను, కొత్త బిల్డింగు వేశారు. ఇంటికెళ్ళి ఎంతసేపు పట్టిందో చెప్పాను. వనపర్తి దాకా రెండున్నర గంటలు. ఆయన అన్నం పెట్టుకుంటూ, "నేను గూడ గంతే పట్టేటోన్ని. నా సైకిల్ ఏడొందలు, నీదెంత?" అన్నాడు. నేను ధర సగానికి సగం తగ్గించి చెప్పాను. దానికే ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆత్మకూరు దాటాక ఒక స్కూలు పిల్లవాడు వెనక గడ్డిమోపు కట్టుకుని నన్ను దాటిపోయాడు. దాటి, వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. వాచీలో 127. కాళ్ళు తహతహలాడాయి, పట్టుకుని ఆపాను. జూరాల దగ్గర చేపలు వేయించే కొట్ల ముందు వాడు సైకిల్ స్టాండు వేసి, మోపుని ఇంకోసారి బిగించి కట్టుకుంటున్నాడు. నేనూ దిగి ఒక ప్లేటు చేపలు చెప్పాను. వాడికీ ఇవ్వబోతే, అమ్మ ఎదురుచూస్తుందని వెళ్ళిపోయాడు.